ఒకే వీధి కథలు ఆడియోబుక్‌గా వచ్చాక వినేవాళ్లు రెండు రకాలుగా మాట్లాడుతుంటే ఎవరి మాట నమ్మాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తెనాలి దగ్గర ఒక ఊళ్లో ఒకే వీధి మనుషుల మీద 14 కథలు రాశారు. పుస్తకంగా వచ్చినప్పుడు మంచి పేరొచ్చింది. ఒకమ్మాయి చేత చదివించి ఆరున్నర గంటల ఆడియోబుక్ పెట్టారు. ఇప్పుడు సగంమంది "గొంతు ఎంత బాగుందో" అంటుంటే, మిగతా సగం "ఎవరు ఎవరో తెలియట్లేదు", "సాగదీశారు", "మూడో కథలో ఆపేశాను", "నిద్ర వచ్చింది" అంటున్నారు. తప్పు కథలదా, చదివినావిడదా, వేరే గొంతుతో మొత్తం మళ్లీ రికార్డు చేయించాలా అని అడిగారు.

వద్దండీ, మొత్తం మళ్లీ చేయించకండి. మీరు పెట్టిన మొదటి మూడు కథలూ విన్నాను. ఆ అమ్మాయి గొంతు నిలకడగా ఉంది, తెలుగు స్పష్టంగా ఉంది, ఎక్కడా అతి చేయలేదు. తప్పు కథల్లోనూ లేదు. కాగితం మీద మీరు పాఠకుడికి ఇచ్చిన కొన్ని ఆనవాళ్లు చెవి దాకా రాలేదు, వచ్చిన ఇబ్బందంతా అదే. మూడో కథ పూర్తిగా, మిగతా కథల మొదటి నిమిషం, పేర్లు తికమకపడే ఓ ఇరవై ముప్పై చోట్ల, ఇంతవరకు సరిచేస్తే చాలు. ఎందుకంటున్నానో కాస్త వివరంగా చెప్తాను, ఓపిగ్గా చదవండి.

నా సంగతి చెప్పాలి కదా. విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటాను. చాలా ఏళ్లు రేడియో నాటకాల్లో గొంతు ఇచ్చాను, గత తొమ్మిదేళ్లుగా ఇంట్లోనే చిన్న గది సర్దుకుని కథలు, నవలలు చదువుతున్నాను. ఒకే ఊరి కథలు, ఒకే కుటుంబం కథలు, ఇలా ఒకదానితో ఒకటి ముడిపడిన సంపుటాలు ఇప్పటికి నాలుగు చదివాను. మీకు వచ్చిన ఫిర్యాదులన్నీ నాకూ వచ్చాయి, దాదాపు ఇవే మాటల్లో.

నాకు తెలిసొచ్చింది ఒక్కటే: "గొంతు నచ్చలేదు", "బోర్ కొట్టింది" అని రాసేవాళ్లలో చాలామంది నిజానికి కథలో దారి తప్పినవాళ్లు. దారి తప్పామని ఎవరూ రాయరు. ఎక్కడ తప్పారో వాళ్లకీ తెలియదు. మనసు పక్కకి పోయింది, ఎందుకు పోయిందో చెప్పలేక చేతికి దొరికిన కారణం చెప్తారు, ఆ దొరికేది ఎప్పుడూ గొంతే.

మీ మూడో కథే తీసుకుందాం, ఎక్కువమంది ఆపేసింది అక్కడే అన్నారు కాబట్టి. మొదటి కథ చెప్పేది ఒక పిల్లవాడు, అందులో ఒకావిడని "రాజ్యం పిన్ని" అంటాడు. రెండో కథలో ఆవిడే ఎదురింటి కోడలికి "వదిన". మూడో కథకొచ్చేసరికి చెప్పేది టైలర్ కాబట్టి ఆవిడ "పంతులుగారి భార్య" అయింది. పుస్తకంలో ఇది చాలా అందంగా ఉంది. పాఠకుడు ఒక్క క్షణం ఆగి, రెండు పేజీలు వెనక్కి తిప్పి, "ఓహో, ఈవిడే ఆవిడ" అనుకుంటాడు, ఆ అనుకోవడంలోనే ఇలాంటి కథల రుచి అంతా ఉంది. వినేవాడికి వెనక్కి తిప్పడానికి పేజీల్లేవు. చేతిలో పప్పు గరిటో బండి హ్యాండిలో ఉంటుంది. అతని లెక్కలో ముగ్గురు వేర్వేరు ఆడవాళ్లు ఉన్నారు, ముగ్గురిలో ఎవరి గురించీ పూర్తిగా తెలియదు, ఇక మూడో కథ చివర ఆవిడ తాళాలగుత్తి బావిలో పడేస్తే అతనికి ఏం అనిపిస్తుంది? ఏమీ అనిపించదు. ఫోన్ పక్కన పెడతాడు.

మన తెలుగు కథలకి ఈ చిక్కు ఎక్కువ. మనం మనుషుల్ని పేర్లతో కంటే వరసలతో పిలుస్తాం. చెప్పే మనిషి మారగానే వరస మారిపోతుంది. అత్త, వదిన, పిన్ని, దొడ్డమ్మ, నలుగురి నోట నాలుగు వరసలు, మనిషి ఒక్కరే. ఒకే మనిషి చెప్పే నవలలో ఈ బాధ లేదు. కథ కథకీ చెప్పే మనిషి మారే సంపుటంలో వినేవాళ్లని ముంచేది ఇదే.

దీనికి మందు చిన్నది. ప్రతి కథలో ఆ మనిషి మొదటిసారి వచ్చినచోట వరసతో పాటు పేరు కూడా ఒక్కసారి చెప్పించండి. "పంతులుగారి భార్య రాజ్యమ్మగారు" అంటే చాలు. ఆ తర్వాత ఎన్నిసార్లైనా "ఆవిడ" అనుకోవచ్చు. రచయిత మీరే కాబట్టి ఒక్క మాట చేర్చడానికి ఎవర్నీ అడగక్కర్లేదు. నేను చదివిన ఒక సంపుటానికి రచయితగారు ఇలాంటివి పదిహేడు చోట్ల పెన్సిల్‌తో చేర్చి ఇచ్చారు. పుస్తకంతో పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప తేడా కనబడదు, వినేవాళ్లకి మాత్రం వీధి మొత్తం కళ్లముందుకొచ్చింది.

ఇక పేర్లు. మీ వీధిలో సుబ్బారావు ఉన్నాడు, సుబ్బయ్య ఉన్నాడు, సుబ్బాయమ్మ ఉంది. తాతగారి పేరు అందరికీ పెట్టుకునే ఊళ్లో అది సహజమే, నేను తప్పు పట్టట్లేదు. కంటికి మూడు పేర్లూ మూడు ఆకారాలు. చెవికి మాత్రం ముగ్గురూ "సుబ్బ" దగ్గరే మొదలై, తేడా తెలిసేలోపు వాక్యం ముందుకు వెళ్లిపోతుంది. ఇక్కడ చదివేవాళ్లు చేయాల్సింది ఏమిటంటే, పేరు చివరి భాగాన్ని మింగకుండా నిలబెట్టి పలకాలి. "సుబ్బయ్య" అన్నప్పుడు ఆ "య్య" మీద వత్తు వినపడాలి. మీ రికార్డింగులో అమ్మాయి పేర్లని వాక్యం వేగంలోనే కలిపేసింది. మాట్లాడేటప్పుడు మనమూ అంతే కదా, కానీ ఇక్కడ పనికిరాదు. వీలైతే సుబ్బయ్యని "కొట్టు సుబ్బయ్య" అనండి, ఊళ్లో జనం ఎలాగూ అలాగే పిలుస్తారు.

ఒకే గొంతుతో మనుషుల్ని నిలబెట్టడం మనవాళ్లకి కొత్త కాదు. విజయవాడ ఆకాశవాణి 1948లో మొదలైంది. అక్కణ్నుంచే ఉషశ్రీగారు రామాయణ భారతాలు చెప్తుంటే ఇళ్లల్లో జనం పనులు ఆపుకుని కూర్చునేవాళ్లు. మా అమ్మ ఆదివారం మధ్యాహ్నం వంట ముందే ముగించేది అందుకే. అయితే ఆ శ్రోతకి రాముడెవరో, శకుని ఎవరో ముందే తెలుసు. మీ రాజ్యం పిన్ని ఎవరికీ తెలియదు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన నాజర్‌గారి బుర్రకథ తీసుకోండి. కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలు ఉంటారు. "ఎవరన్నావు? ఏం చేశాడన్నావు?" అని వంత అడగడం ఊరికే కాదు, వెనక వరసలో కూర్చున్నవాడికి ఆ మాట రెండోసారి అందించడానికి. ఒంటరిగా మైకు ముందు కూర్చుని చదివే మనిషికి ఆ వంత లేదు. కాబట్టి వినేవాడి తరఫున ఎవరు ఎవరో గుర్తుపెట్టుకోవాల్సింది చదివేవాళ్లే.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్తాను. రెండో సంపుటం చదివినప్పుడు రెండో కథలో ఒక ముసలావిడ వస్తుంది, మళ్లీ తొమ్మిదో కథలో వస్తుంది. ఈ రెండింటి రికార్డింగుకీ మధ్య ఐదు వారాలు పోయాయి, జ్వరం వచ్చి కొంత, ఇంట్లో పెళ్లి పనులతో కొంత. రెండో కథలో ఆవిడకి నేను మెల్లని, ఆగి ఆగి మాట్లాడే తీరు ఇచ్చాను. తొమ్మిదో కథలో గుర్తు లేక గట్టిగా, గదమాయించే తీరు ఇచ్చాను. పుస్తకం బయటికొచ్చిన పది రోజులకి గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక రిటైర్డు టీచర్‌గారు ఉత్తరం రాశారు. "అమ్మా, మొదట విన్న ముసలమ్మ మధ్యలో చనిపోయిందేమో, ఈవిడ వేరే ముసలమ్మేమో అని మళ్లీ మొదటినుంచి విన్నాను" అని. ఆ ఉత్తరం చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. ఆయన అంత శ్రద్ధగా విన్నారు, నేను అంత శ్రద్ధగా చదవలేదు.

అప్పటినుంచి ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను. ఒక్కో మనిషికి ఒక్కో పేజీ. ఏ కథల్లో వస్తాడు, వయసెంత, వేగంగా మాట్లాడతాడా ఆగి మాట్లాడతాడా, వాక్యం చివర గొంతు పైకి పోతుందా కిందికి దిగుతుందా, ఏ మాట ఎక్కువ వాడతాడు. దాంతో పాటు ఆ మనిషి మాటలు ఒక ఇరవై సెకన్లు విడిగా ఫైలు చేసి దాచుకుంటాను. మళ్లీ ఆ మనిషి వచ్చే కథ మొదలుపెట్టే ముందు అది విని, రెండుసార్లు పలికి, అప్పుడు రికార్డు నొక్కుతాను. మీ అమ్మాయికి ఇది చెప్పండి. గొంతు మార్చమని మాత్రం చెప్పకండి. ఆడగొంతుతో మగవాళ్ల మాటలు చదివేటప్పుడు బొంగురుగా తగ్గించబోతే వినడానికి అస్సలు బాగోదు. గొంతు అదే ఉండాలి, నడక మారాలి. మీ మొదటి కథలో టైలర్ మస్తాన్ మాటలు ఆవిడ చదివిన తీరు చూడండి, సూది పళ్ల మధ్య పెట్టుకుని మాట్లాడే మనిషిలా పొడి పొడిగా చదివింది. చాలా బాగుంది. "గొంతు ఎంత బాగుందో" అన్నవాళ్లు విన్నది ఇదే.

అయితే అందించడం మరీ ఎక్కువైనా ప్రమాదమే. మరో సంపుటంలో మొదటి కథలో ఊరొదిలి పారిపోయిన అన్నయ్య పదకొండో కథలో బస్టాండులో పేరు చెప్పని ముసలాయనగా వస్తాడు. రచయిత చివరి వాక్యం దాకా దాచారు. నేను నోటుబుక్కు చూసుకుని అదే మాటతీరు దింపేశాను. విన్న ముగ్గురు స్నేహితులూ రెండో నిమిషంలోనే "వీడు ఆ అన్నయ్యే కదా" అనేశారు, కథ అక్కడితో అయిపోయింది. మళ్లీ చదివాను. ఈసారి మాటతీరు మామూలుగా ఉంచి, మాట్లాడే ముందు చిన్నగా ఊపిరి పీల్చే అలవాటు ఒక్కటే ఉంచాను, మొదటి కథలో అన్నయ్యకి ఉన్నదే. ఎవరూ ముందు పట్టుకోలేదు. చివరికొచ్చాక ఒకావిడ మాత్రం "ఆ ఊపిరి విన్నప్పుడు ఏదో అనిపించింది" అన్నారు. మీ పన్నెండో కథలో కూడా ఇలాంటిదే ఉందని మీరు రాసిన వివరం బట్టి అనిపిస్తోంది. ఎక్కడ పేరు అందించాలో, ఎక్కడ దాచాలో మీరే గుర్తు పెట్టి ఇవ్వండి, అది చదివేవాళ్లకి వదిలేయకూడదు.

అతుకుల దగ్గరికొద్దాం. పుస్తకంలో కథ మధ్యలో మూడు చుక్కలు పెట్టి, ఖాళీ వదిలి, "పదేళ్ల తర్వాత" అనకుండానే పదేళ్లు దాటేస్తాం. ఆ చుక్కలు వినపడవు. మీ రెండో కథలో అలాంటివి నాలుగు ఉన్నాయి, రికార్డింగులో ఒక్కోచోట అర సెకను కూడా ఖాళీ లేదు. ఎడిటింగు చేసినాయన ఊపిరి చప్పుళ్లు తీసేస్తూ ఖాళీలు కూడా తీసేసి ఉంటారు. అందుకే పెళ్లికూతురు అన్నం తింటుండగానే వాళ్లబ్బాయి కాలేజీకి బయల్దేరాడు. చుక్కలున్నచోట రెండు సెకన్ల ఖాళీ ఉండాలి, ఖాళీ తర్వాతి వాక్యం కొంచెం కొత్త ఊపిరితో మొదలవ్వాలి. రెండు సెకన్లంటే చదివేవాళ్లకి యుగంలా అనిపిస్తుంది, వినేవాళ్లకి సరిగ్గా సరిపోతుంది. ఐదు సెకన్లు పెట్టారనుకోండి, ఫోన్ ఆగిపోయిందని తీసి చూసుకుంటారు, నాకు ఆ ఫిర్యాదు కూడా వచ్చింది. ఖాళీలో పూర్తి నిశ్శబ్దం కాకుండా ఆ గది చప్పుడే సన్నగా ఉంచమనండి, లేకపోతే బావిలోకి తొంగిచూసినట్టు ఉంటుంది.

కథ మొదట్లో "నాలుగో కథ" అని అంకె, తర్వాత పేరు, తర్వాత రెండు సెకన్లు, తర్వాత మొదటి వాక్యం. మీవాటిలో పేరు మాత్రమే ఉంది, అదీ సంగీతం మీద పడి సగం వినపడలేదు. సంగీతం గురించి నా అభిప్రాయం కొంచెం కటువుగా ఉంటుంది, ఏమీ అనుకోకండి. కథ చివరి మాట పూర్తవ్వకముందే ఫ్లూట్ మొదలవడం నాకు అస్సలు నచ్చలేదు. రాజ్యం పిన్ని తాళాలు పడేశాక వినేవాడికి కాసేపు ఆ బావి చప్పుడు ఉండాలి. అక్కడ ఫ్లూట్ వచ్చి "ఇప్పుడు బాధపడండి" అని చెప్తే ఉన్న బాధ కూడా పోతుంది. మొత్తం పుస్తకానికి మొదట ఒకసారి, చివర ఒకసారి సంగీతం చాలు.

"సాగదీశారు" అన్నవాళ్ల సంగతి. మీ అమ్మాయి నిమిషానికి ఎన్ని మాటలు చదువుతోందో లెక్కపెట్టాను, దాదాపు 95. నేను 100 నుంచి 110 మధ్య చదువుతాను. ఇంగ్లిషు ఆడియోబుక్కులకి నిమిషానికి 150 మాటలని చెప్తుంటారు, అది మనకి వర్తించదు, మన ఒక్క మాటలో వాళ్ల మూడు మాటలు ఇమిడి ఉంటాయి కదా, "వెళ్లిపోదామనుకుంటున్నానండీ" అన్నది మనకి ఒకే మాట. కాబట్టి 95 మరీ నెమ్మది కాదు. పైగా వేగం కావాల్సినవాళ్లు ఫోన్‌లో 1.25 పెట్టుకుంటారు. అయితే వర్ణనా, మాటలూ, పోట్లాటా అన్నీ ఆ 95లోనే నడవడం అసలు లోపం. రెండో కథలో కుళాయి దగ్గర ఇద్దరాడవాళ్లు పోట్లాడుకునే చోట ఒకరి మాట మీద ఒకరి మాట పడాలి. అక్కడ కూడా ఆవిడ ఓపిగ్గా ఒక్కొక్కరి మాటా పూర్తిచేసి రెండోవాళ్లకి అవకాశం ఇచ్చింది. సాగినట్టు అనిపించింది అందుకే. ఆ ఒక్క రెండు నిమిషాలూ మళ్లీ చదివించండి.

"నిద్ర వచ్చింది" అన్నదాన్ని తిట్టుగా తీసుకోకండి. రాత్రి పడుకునే ముందు టైమర్ పెట్టుకుని వినేవాళ్లు చాలామంది ఉన్నారు, ఇరవై నిమిషాలకి అదే ఆగిపోతుంది. వాళ్లలో చాలామందికి మంచి గొంతంటే నిద్రపుచ్చే గొంతే. నాకు ఒకాయన నెలరోజుల పాటు ఒకే కథ విన్నానని రాశారు, చివర ఏమవుతుందో ఇప్పటికీ తెలియదట. కానీ ఒక సంగతి గమనించండి, ఇలా వినేవాళ్లకి కథ చివరి భాగం అందదు, మర్నాడు తర్వాతి కథకి వెళ్లిపోతారు. వాళ్ల కోసం కూడా ఆ పేరు అందించడం అవసరం.

ఇప్పుడు కాస్త సాంకేతికం. మీ స్టూడియోవాళ్లు శబ్దం లెవెల్స్ సరిగానే ఉంచారు, కానీ గుసగుసలు మరీ కిందికి పోయాయి. నేను ఏ పుస్తకమైనా పూర్తవగానే ఒక పని చేస్తాను. విజయవాడలో గుంటూరు ప్యాసింజర్ ఎక్కి, మామూలు చవక ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఒక కథ వింటాను. స్టేషన్ దాటగానే కృష్ణ వంతెన వస్తుంది, ఆ ఇనుప చప్పుడులో ఏ వాక్యం పోయిందో కాగితం మీద రాసుకుంటాను. కృష్ణా కెనాల్ జంక్షన్‌కి వచ్చేసరికి నాలుగైదు గీతలు పడతాయి. మొదటిసారి ఇలా చేసినప్పుడు, నేను గదిలో ఎంతో ఇష్టంగా గుసగుసగా చదివిన వాక్యం, కథకి ఆయువుపట్టు లాంటిది, ఒక్క అక్షరం వినపడలేదు. గుసగుస అంటే ఊపిరి పెంచాలి గానీ చప్పుడు తగ్గించకూడదని ఆ రోజు నేర్చుకున్నాను. ఆడియోబుక్కులు అమ్మే ఆడిబుల్‌కి ఫైళ్లు తీసుకునే ఏసీఎక్స్ అనే వేదిక నిబంధనల్లో సగటు శబ్దం మైనస్ 23 నుంచి మైనస్ 18 డెసిబెల్స్ మధ్య, అత్యధికం మైనస్ 3 దాటకుండా, గది చప్పుడు మైనస్ 60 కంటే తక్కువ ఉండాలంటారు. మీరు ఎక్కడ పెట్టినా సరే, ఈ కొలతలు పట్టుకుంటే వంటింట్లో కుక్కర్ పక్కన కూడా వినపడుతుంది. మన శ్రోతల్లో సగంమంది వినేది అక్కడేనండీ.

ఉచ్చారణ మీద వచ్చిన ఫిర్యాదుల్ని మాత్రం ఒక్కటి కూడా వదలకండి. "చాదస్తం" అని పక్కన పెట్టేస్తారు కొందరు రచయితలు. మీ మూడో కథలో ఒకచోట వడ్డీకిచ్చే ఆయన "మూడు వేళ్లు చూపించాడు" అని ఉండాలి, ఆవిడ "మూడు వేలు చూపించాడు" అని చదివింది. పుస్తకంలో ఆయన అడిగింది నూటికి మూడు రూపాయల వడ్డీ. విన్నవాళ్లకి మూడు వేల రూపాయల కట్ట బయటికి తీసినట్టు అర్థమైంది. తర్వాతి పేజీలో లెక్కలు ఎవరికీ కుదరవు. ఒక్క "ళ్ల" పోయి కథే మారిపోయింది. కల, కళ, వేల, వేళ ఇలాంటివి చూసి ప్రతి ఒక్కటీ సరిచేయించండి. ఈ తప్పులు పట్టి నిమిషాలతో సహా రాసినవాళ్లే మీ అసలైన శ్రోతలు.

యాస గురించి ఒక్క మాట. మీరు "ఏందిరా", "ఎట్టా", "వస్తన్నా" అని రాసినచోట ఆవిడ అలాగే చదివింది, బాగుంది. అయితే ఒకటి రెండుచోట్ల మీరు రాయని చోట కూడా యాస సాగదీసి కలిపింది. మీకు కామెంట్ పెట్టిన గుంటూరు ఆయన "మమ్మల్ని అనుకరించినట్టుంది" అన్నది దాని గురించే అయివుంటుంది. ఆయన మాట నిజం. యాస మీరు రాసిన అక్షరాల్లో ఉంది, దాని మీద మళ్లీ పూత అక్కర్లేదు.

మరి ఎవరి మాట నమ్మాలి అన్నదానికి నేను పాటించే పద్ధతి ఇది. ఫలానా కథలో ఫలానా నిమిషం దగ్గర అని రాసినవాళ్ల మాట, తిట్టినా సరే, వంద శాతం పట్టించుకుంటాను. "అద్భుతం" అని మాత్రమే రాసినవాళ్లకి దండం పెడతాను, అంతకు మించి దాంట్లోంచి తీసుకోవడానికి ఏమీ ఉండదు. "నాకు ఆడగొంతుతో కథలు నచ్చవు" లాంటివి వాళ్ల ఇష్టం. ఇక చుట్టాలు, స్నేహితులు ఉన్నారే, వాళ్లని "ఎలా ఉంది?" అని అడగకండి, మన మర్యాద తెలుసు కదా, "చాలా బాగుందండీ" తప్ప ఇంకో మాట రాదు. "రాజ్యం పిన్ని ఎవరు? ఆవిడకి ఏమైంది?" అని అడగండి. ఐదుగురిని అడగండి చాలు. మూడు కథలు విన్నాక ఆవిడ ఎవరో చెప్పగలిగితే మీ రికార్డింగు బాగున్నట్టే. "ఆ బావి ఆవిడా, పంతులుగారి ఆవిడా?" అని ఎదురు అడిగితే ఎక్కడ సరిచేయాలో అక్కడే దొరుకుతుంది. నేను మా వీధిలో ఇస్త్రీ చేసే ఆయనకి వినిపిస్తాను. పని ఆపకుండా వింటాడు, తర్వాత అడిగితే కథ మొత్తం తన మాటల్లో చెప్తాడు. ఆయన ఏ మనిషిని వదిలేశాడో ఆ మనిషిని నేను సరిగా నిలబెట్టలేదన్నమాట.

ఖర్చు విషయం కూడా చూసుకోండి. నాకు ఒక గంట పూర్తయిన ఆడియో రావాలంటే చదవడం, తప్పులు వినడం, సరిచేయడం కలిపి ఐదారు గంటలు పడుతుంది. మొత్తం మళ్లీ అంటే ముప్పై ఐదు గంటల పైమాటే, మీరు స్టూడియో అద్దె, చదివేవాళ్ల పారితోషికం రెండూ మళ్లీ కట్టాలి. నేను చెప్పిన ప్యాచ్‌లు, అంటే సరిచేయాల్సిన ముక్కలు మాత్రం మళ్లీ చదివి అతికించడం, రెండు పూటల్లో అయిపోతాయి. ఒక జాగ్రత్త ఉంది, ప్యాచ్ అతుకు తెలియకూడదంటే అదే మైకు, అదే గది, నోటికి మైకుకి అదే దూరం ఉండాలి. నేను జానెడు కొలిచి పెట్టుకుంటాను. మొదట పొద్దున్న చదివి ఉంటే ప్యాచ్ కూడా పొద్దున్నే చదవాలి, సాయంత్రానికి గొంతు బరువు మారిపోతుంది. ఫ్యాన్, ఏసీ రెండూ కట్టేయాలి, మన విజయవాడ మే నెలలో అది మామూలు విషయం కాదు కాబట్టి ఒక్కో విడత ఇరవై నిమిషాలకి మించి పెట్టుకోకండి. చెమట పట్టిన మనిషి గొంతులో ఓపిక ఉండదు, అది వినపడుతుంది.

ఆ అమ్మాయిని మాత్రం మార్చకండి. ఫిర్యాదులు చూసి ఆవిడ బాధపడుతోందని రాశారు. ఈ కామెంట్లన్నీ ఒక్కసారిగా ఆవిడ ముందు పెట్టకుండా, నిమిషాలు రాసినవాటిని మాత్రం ఒక కాగితం మీద వరసగా రాసి ఇవ్వండి. నాకు మొదటి పుస్తకం అప్పుడు రచయితగారు అలాగే ఇచ్చారు, ముప్పై ఒక్క గీతలున్న కాగితం, పక్కన ఒకటి రెండుచోట్ల "ఇది చాలా బాగా చదివారు" అని కూడా. ఆ కాగితం ఇప్పటికీ నా నోటుబుక్కు మొదటి పేజీలో ఉంది.

సరిచేశాక, "ఎవరు ఎవరో తెలియట్లేదు" అని రాసినావిడకి మీరే స్వయంగా జవాబు రాయండి. "మీరు చెప్పింది నిజం, మూడో కథ మార్చాం, మళ్లీ ఒకసారి వింటారా" అని అడగండి. కొత్త మూడో కథ సిద్ధమయ్యాక నాకూ పంపండి, గుంటూరు వెళ్లే పని నెలలో రెండుసార్లు ఉంటుంది, వంతెన మీద విని చెప్తాను.